చప్పుడు లేని ఏడుపు

ఉడత ఏడుస్తోంది. నోరు బార్లా తెరిచింది, కళ్ళు చికిలించుకుంది, మొహం కందగడ్డలా చేసుకుంది. బుగ్గల మీదుగా నీళ్ళు ధారగా కారి గడ్డం కింద చేరుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

నానబెట్టిన పేము చీలికల కట్ట చంకన పెట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చిన కుర్చీలమ్మ ముందు తన చెవులనే అనుమానించింది. కొట్లో రంపం కోత లేదు, సుత్తి దెబ్బ లేదు. వడ్రంగి వీధివైపు తిరిగి కూర్చుని చెక్క మీద పెన్సిలుతో గీత గీసుకుంటున్నాడు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో చిత్రిక పొట్టు కుప్ప మీద కూర్చుని ఏడాది దాటిన తన కూతురు, అందరూ ఉడత అని పిలిచే పిల్ల, గుండెలవిసేలా ఏడుస్తోంది, ఊపిరి చప్పుడు కూడా లేకుండా.

చేతిలో కట్ట జారిపోయింది. తడి పేము నేలంతా పాములు పాకినట్టు పరుచుకుంది. ఆమె చేరేలోపే పిల్లకి ఎదురుగా కూర్చున్న వదిన దాన్ని ఒళ్ళోకి తీసుకుని, వేలు వెలుతురుకి ఎత్తి చూసి, గోళ్ళతో పుల్లముక్క లాగేసి, ఆ వేలు నోట్లో పెట్టుకుని చప్పరించింది. పిల్ల నోరు మూసుకుంది. ఎక్కిళ్ళు పెట్టి, వదిన ముక్కు పట్టుకుంది.

"ఏంటే, ఇల్లంటుకున్నట్టు ఆ పరుగు?" అన్నాడు వడ్రంగి తల తిప్పి.

"ఇది ఏడ్చింది. చప్పుడు రాలేదు."

"చప్పుడు రాకపోతే ఏడ్చిందని నీకెలా తెలిసింది?" నవ్వాడు. "పిల్ల ఏడుస్తోందని ఏడ్చే తల్లుల్ని చూశాను గానీ, సరిగ్గా ఏడవలేదని ఏడ్చే తల్లిని నిన్నే చూడటం."

ఆమె నవ్వలేదు. పేము ఏరుకుంటూ పిల్లనే చూసింది. ఇలా చూడటం ఇది రెండోసారి. మొదటిసారి వీధి కిటికీలోంచి చూసి, అద్దం అడ్డమేమోలే అనుకుంది. ఇప్పుడు అద్దమూ లేదు, అడ్డమూ లేదు.

ముందుగది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. కుర్చీలమ్మ భర్త వడ్రంగి. అతను కుర్చీ చట్రం చేస్తాడు. వడ్రంగి అక్క, అంటే ఈ వదిన, దాన్ని గరుకు కాగితంతో రుద్ది, లక్క పట్టించి అద్దంలా మెరిపిస్తుంది. ఆఖర్న కుర్చీలమ్మ సీటుకి పేము అల్లుతుంది. వదినకి రెండు చెవులూ వినబడవు. ఆవిణ్ణి పిలవాలంటే బల్ల మీద పిడికిలితో గుద్దాలి. ఆ అదురు చెక్కలోంచి పాకి అరచేతికి చేరగానే తలెత్తుతుంది. తలెత్తాక ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి గ్రహిస్తుంది. ఉడత కూడా అంతే, అత్త కావాలంటే నేల మీద దబదబా బాదుతుంది.

"ఎల్లుండి బడి పక్క గదిలో టీకాలట" అన్నాడు వడ్రంగి, ఉలి అందుకుంటూ. "దీనికి తట్టు సూది వేయించాలి. పక్క సందులో పాలాయన కూతురికి ఒళ్ళంతా పోసింది. కళ్ళు తెరవలేకపోతోందట."

కుర్చీలమ్మ వదినకి పెదాలు కనబడకుండా గోడవైపు తిరిగింది. ఆ ఇంట్లో వదినకి చెప్పకూడని మాటలన్నీ గోడకే చెబుతారు.

"నేను వేయించను. పోయినసారి సూదికి రెండు రోజులు ఒళ్ళు పెనంలా కాలింది. ఆ తర్వాతే ఈ గొంతు సంగతి మొదలైంది."

"మొన్న అరిచి నా చెవులకి చిల్లులు పొడిచింది కదే! గొంతుకేమైంది?"

"అదే నా భయం. ఒకసారి వస్తోంది, ఒకసారి పోతోంది. ఆరిపోయే దీపం కూడా ఇలాగే ఎగిరెగిరి పడుతుంది."

వడ్రంగికి చిరాకేసింది. "తట్టు పోస్తే ఏమవుతుందో ఈ ఇంట్లో నీకు వేరే చెప్పాలా?" అని చేతిలోని ఉలితో అక్కని చూపించాడు. "అదిగో, చూడు. ఆరేళ్ళప్పుడు పోసింది. చెవుల్లో చీము పట్టింది. అంతే, అయిపోయింది."

సరిగ్గా అప్పుడే వదిన తలెత్తింది. తనవైపు చాచి ఉన్న ఉలి, గోడవైపు తిరిగి ఉన్న మరదలి వీపు చూసింది. ఏమిటని అడగలేదు. కుర్చీ కాలు ఒళ్ళో పెట్టుకుని గరుకు కాగితం మళ్ళీ అందుకుంది. ఉడత ఆవిడ మోకాలి మీద చెంప ఆనించి, రుద్దుతున్నంతసేపూ ఆ అదురుకి కళ్ళు మూసుకుని పడుకుంది.

*

మర్నాడు కుర్చీలమ్మ పనిని పెరట్లోకి మార్చింది, పిల్లతో సహా. పిల్ల నడుముకి పాత చీరముక్క కట్టి, రెండో కొస తన కాలికి చుట్టుకుంది. కొట్లోకి పోవడానికి ఉడత లాగినప్పుడల్లా కాలు ముందుకి జరుగుతోంది.

చేతిలో పని చెయ్యి జారుతోంది. పేము అల్లికలో కింద నుంచి పోవాల్సిన చీలిక పైనుంచి పోతే, ఆ తప్పు వెంటనే కనబడదు. నాలుగు వరసలు అయ్యాక అడ్డ చీలిక బిగిసి, ముందుకి కదలనని మొరాయిస్తుంది. అప్పుడు మేకులు పీకి మొత్తం విప్పుకోవాల్సిందే. పొద్దుట్నుంచి రెండుసార్లు విప్పింది.

పైవాటా ఆవిడ మెట్ల మీదే ఆగిపోయింది. వీధి ఆవిడకి రేడియో అని పేరు పెట్టింది. అది ఆవిడకీ తెలుసు, పైగా గర్వం కూడా.

"చెప్పానా లేదా? సూది మందు ముందు ఒళ్ళు పడుతుంది, తర్వాత గొంతు పడుతుంది. మా చుట్టాల పిల్లకి అచ్చం ఇలాగే."

"ఏ చుట్టాలండీ?"

"మా చుట్టాలంటే, మా చుట్టాలకి చుట్టాల్లే. అబద్ధం చెబుతానా?" రెండు మెట్లు దిగి గొంతు తగ్గించింది. "దానికి తోడు పొద్దస్తమానం ఆ మూగావిడ ఒళ్ళోనాయె. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. పిల్ల మాటలొచ్చే వయసులో ఉంది, నువ్వే ఆలోచించుకో."

"మా వదిన మూగది కాదు. మాట్లాడుతుంది."

"ఏమో తల్లీ. ఇన్నేళ్ళలో నేనైతే వినలేదు."

వదిన బయటివాళ్ళ ముందు నోరు విప్పదు. ఎప్పుడో ఎవరో ఆ గొంతు విని నవ్వారట. ఆ సంగతి కుర్చీలమ్మ చెప్పబోయి మానేసింది. రేడియోకి చెబితే వీధికి చెప్పినట్టే.

మధ్యాహ్నం వదిన పెరటి గుమ్మంలోకి వచ్చింది. చేతులకి లక్క కడుక్కుని, తుడుచుకుని, పిల్ల కోసం చాచింది. ఉడత చీరముక్క తెగేలా ముందుకి దూకింది. కుర్చీలమ్మ పిల్లని ఎత్తి భుజాన వేసుకుని, "నిద్రపోయే వేళ" అంది. పిల్ల కళ్ళు చూస్తే పందెం కోడి కళ్ళలా ఉన్నాయి. వదిన ఆ కళ్ళూ చూసింది, ఆ పెదాలూ చదివింది. చాచిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు ఒకసారి చూసుకుని, మళ్ళీ తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం నర్సమ్మ వీధిలోకి వచ్చింది, రేపటి సంగతి ఇంటింటికీ చెప్పడానికి. కుర్చీలమ్మ ఆవిణ్ణి పెరట్లోకి పిలిచి, ఎత్తుపీట వేసి కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. నర్సమ్మ నవ్వలేదు. పిల్ల వెనక్కి వెళ్ళి తాళాల గుత్తి ఆడించింది. ఉడత గిరుక్కున తిరిగింది. నర్సమ్మ దాని నోరు తెరిపించి గొంతులో టార్చి వేసి చూసింది. ఉడతకి అది నచ్చలేదు. అది పెట్టిన కేకకి పైవాటా కిటికీ తెరుచుకుంది.

"గంటలా ఉందమ్మా గొంతు."

"ఇప్పుడుంది. నిన్న లేదు. నా కళ్ళారా చూశాను."

నర్సమ్మ టార్చి ఆర్పి సంచిలో పెట్టుకుంది. "మీరు చూసింది ఏమిటో నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెప్పను. ఈ సూది వేస్తే జ్వరం రావచ్చు. వారం తర్వాత ఒంటి మీద సన్నగా ఎర్రగా రావచ్చు, దానంతటదే పోతుంది. అంతకన్నా పెద్దది రావడం చాలా అరుదు, వస్తే చూడటానికి మేమున్నాం. గొంతు పోవడం మాత్రం నేను చూడలేదు, వినలేదు. తట్టు పోస్తే ఏమేం పోతాయో మాత్రం చూశాను." కొట్టువైపు చూడబోయి, మర్యాదకి చూపు తిప్పుకుంది. "రేపు మధ్యాహ్నం దాకా ఉంటాను. బలవంతం లేదు. కానీ పాలాయన పిల్ల పక్క సందులోనే ఉంది, అది మర్చిపోకండి."

నర్సమ్మ మాట అడుగు నుంచి పైకి లాగుతోంది, రేడియో మాట పైనుంచి కిందకి లాగుతోంది. మధ్యలో కుర్చీలమ్మ మనసు బిగిసిన చీలికలా కదలనంటోంది.

*

పొద్దున్నే వడ్రంగి తయారై కూర్చున్నాడు. "బయల్దేరు."

"నేను రాను."

"నేను తీసుకెళ్తాను."

"పిల్ల ఒంటి మీద చెయ్యి వేశావంటే చూడు! రేపు దాని గొంతు పోతే ఎవరు తెచ్చిస్తారు? నువ్వా? చెక్కతో చేసి పెడతావా గొంతుని?"

"చెవులు పోతే నువ్వు పేముతో అల్లి పెడతావా?"

ఇద్దరూ అన్నది అనేశాక బిత్తరపోయి నిలబడ్డారు. వడ్రంగి చొక్కా గుండీలు పెట్టుకుని, సరుకు తెచ్చుకోవాలంటూ కలప అడితికి వెళ్ళిపోయాడు. అడితి ఇంకా తెరిచి ఉండదని ఇద్దరికీ తెలుసు.

నడుముకి బంధం వేస్తే మాత్రం ఉడతని ఎవరాపగలరు? కుర్చీలమ్మ తొట్లో పేము తిరగేస్తుండగా ముడిలోంచి జారుకుని కొట్లోకి పాకిపోయింది. తల్లి తడి చేతులతో వెనకే వెళ్ళి, పెరటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. పిల్ల అప్పటికే సీటు లేని కుర్చీ చట్రం పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా వదిన కాగితం వదిలేసి, నవ్వుమొహంతో రెండు చేతులూ చాచింది. ఉడత చట్రం వదిలింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగు చట్రం కాలికి తగిలి, బోర్లా పడి, గడ్డం నేలకి కొట్టుకుంది.

తలెత్తి అత్తని చూసింది. నోరు తెరిచింది. మొహం కందగడ్డ అయింది, కన్నీళ్ళు ఉబికాయి. చప్పుడు లేదు.

వదిన ఒక్క అంగలో వచ్చి పిల్లని ఎత్తుకుంది. గడ్డం చూసింది, పెదవి చూసింది, చిగుళ్ళు చూసింది. ఆవిడ మొహం ఎదురుగా ఉన్నంతసేపూ పిల్ల అలాగే, గొంతు లేకుండా, గుండె పగిలేలా ఏడ్చింది. వదిన పిల్లని భుజాన వేసుకుని, తడిగుడ్డ కోసం బల్లవైపు తిరిగింది. ఇప్పుడు పిల్ల మొహం గుమ్మంవైపు వచ్చింది. గుమ్మంలో అమ్మ ఉంది.

కేర్‌మంది.

ఒక్కసారిగా, ఆనకట్ట తెగినట్టు, కొట్లో తగిలించిన రంపాలు జిల్లుమనేలా.

వదినకి ఆ సంగతి తెలియదు. తడిగుడ్డ అందుకుని, పిల్లని భుజం మీంచి దించి ఎదురుగా పెట్టుకుంది. ఏడుపు సగంలో ఆగిపోయింది. ఆగింది ఏడుపు కాదు, గొంతు. నోరు తెరిచే ఉంది, కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, పెదాలు వణుకుతూనే ఉన్నాయి. ఇంకా ఎక్కువగా, ఇంకా విపులంగా ఏడుస్తోంది మొహంతో. కనుబొమ్మలు ఎత్తి, గడ్డం ముందుకి చాచి, దెబ్బ ఎక్కడ తగిలిందో మొహమంతా పెట్టి చెబుతోంది. వదిన గుడ్డ అద్ది మళ్ళీ భుజానేసుకుంది. అమ్మ కనబడింది. మళ్ళీ కేర్‌మంది.

కుర్చీలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఏదో చాలా పెద్దది తన ఇంట్లోకి ఎప్పుడో వచ్చి, చిత్రిక పొట్టులో ఆడుకుంటుంటే తను చూడనే లేదనిపించింది. ఈ బొట్టెడు ప్రాణికి ఇంకా అమ్మా అనడం రాదు. చెంచా నోట్లోకో చెవిలోకో తెలియదు. దీనికెవరు చెప్పారు, ఈ మనిషికి గొంతు అందదని, మొహం అందుతుందని? అక్క వీపు వెనక నిలబడి కేకేసి, తర్వాత నాలిక కరుచుకోవడం మానడానికి వడ్రంగికి ఎన్నేళ్ళో పట్టింది. తనకి ఇప్పటికీ పూర్తిగా అలవడలేదు. ఇది మాటలు పుట్టకముందే మనుషుల్ని చదివేసింది.

ఆమె వెళ్ళి బల్ల మీద గుద్దింది. వదిన తిరిగింది. కుర్చీలమ్మ కిటికీ వెలుతురు తన మొహం మీద పడేలా నిలబడింది.

"వదినా. ఇది నీ దగ్గర ఎలా ఏడుస్తుంది?"

"ఎలాగేంటి?" వదిన గొంతు ఎత్తుపల్లాలు లేకుండా, చిత్రిక పట్టిన పలకలా ఉంటుంది. "పిల్లలు ఏడ్చినట్టే. నోరు ఇంత చేసి."

"చప్పుడు ఉండదు వదినా. నీ మొహం చూసి ఏడ్చేటప్పుడు గొంతు తియ్యదు."

వదిన చేతిలో గుడ్డ ఆగిపోయింది. పిల్ల నోటికేసి చూసింది, మరదలి నోటికేసి చూసింది. ఆవిడ మొహంలో మెల్లగా ఒక భయం ఎక్కింది.

"నా నుంచి అంటుకుందా?" అంది. "అందుకేనా, నిన్నంతా దీన్ని నా దగ్గరికి రానివ్వలేదు?"

కుర్చీలమ్మ గోడవైపు తిరగలేదు. "అవును వదినా. గొంతు పోతోందనుకున్నాను. సూది వల్లో, నీ వల్లో అనుకున్నాను. తప్పు నాది. దాని గొంతుకేం కాలేదు. నన్ను చూస్తే ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది. నిన్ను చూస్తే ఆపేస్తోంది." కష్టం మీద మాట కూడదీసుకుంది. "నీకు వినబడదని దానికి తెలుసు. నీకు కనబడేలా ఏడుస్తోంది."

వదిన పిల్లని బల్ల మీద కూర్చోబెట్టింది. లక్క మరకల వేళ్ళు రెండు తీసి, పిల్ల గొంతు మీద పెట్టింది. ఉడత అదేదో ఆట అనుకుని నవ్వింది, మళ్ళీ నోరు తెరిచే గానీ గొంతు తీసి కాదు. వేళ్ళ కింద ఏమీ అదరలేదు. అప్పుడు కుర్చీలమ్మ పక్కనుంచి పిల్లని పిలిచింది. ఉడత అమ్మవైపు తిరిగి "ఊఁ" అంది. వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది, కాలినట్టు.

"ఇంతుంది" అంది. "ఇంతుండి నాకోసం..."

కొంగుతో మొహం తుడుచుకుని, ఆ కొంగుతోనే పిల్ల మొహం తుడిచింది.

"వదినా, సూది వేయించమంటావా?"

"ఇప్పటికి అడిగావు" అంది వదిన. కోపం లేదు, ఉన్నమాట. "నిన్న మొన్న మీరు గోడకి చెప్పుకుంటుంటే చూస్తూనే ఉన్నాను. వాడు నన్ను ఉలి పెట్టి చూపించడమూ చూశాను. నేనేం దిష్టిబొమ్మనా, చూపించి భయపెట్టడానికి? నా బతుక్కేం లోటు? నేను రుద్దిన కుర్చీ మీద ఈగ వాలితే జారిపోతుంది." ఊపిరి పీల్చుకుంది. "నన్ను చూసి వేయించకు. దీన్ని చూసి వేయించు. ఎవరికి ఎలా చెప్పాలో ఇప్పుడే తెలుసుకుంది. రెండు వైపులా పోగలదు ఇది. ఒక వైపు తలుపు మూసుకుపోనివ్వకు."

"నాకింకా భయంగానే ఉంది వదినా."

"ఉంటే ఉండనీ. భయాన్ని కూడా చంకనేసుకుని రా. నేనూ వస్తాను."

*

బడి పక్క గదిలో తల్లులు గోడ పొడుగునా బారు తీరి ఉన్నారు. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద చల్లటి పెట్టె. మూత తీసినప్పుడల్లా సన్నటి పొగ లేచి కరిగిపోతోంది. సూది పడిన ప్రతి పిల్లాడూ ఒక రాగం అందుకుంటున్నాడు, బారులో ఉన్న పిల్లలు తమ వంతు రాకముందే దానికి కోరస్ పాడుతున్నారు. వడ్రంగి గుమ్మం బయట నిలబడ్డాడు. అడితి దారి అటు కాకపోయినా అటే వచ్చాడు. భార్యనీ అక్కనీ కలిపి చూసి నోరు తెరిచి, ఎందుకైనా మంచిదని మూసేసుకున్నాడు.

కుర్చీలమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వదిన ఎదురుగా మోకాళ్ళ మీద వంగి, ఉడత కళ్ళలోకి చూస్తూ బుగ్గలు ఉబ్బించింది. ఉడత నవ్వింది. నర్సమ్మ పిల్ల చేతి పైభాగం తడి దూదితో తుడిచింది. కుర్చీలమ్మ కళ్ళు మూసుకోవాలనుకుంది. మూసుకోలేదు.

సూది దిగింది.

ఉడత కళ్ళు పెద్దవయ్యాయి. అత్త మొహం కేసి చూస్తూ నోరు తెరిచింది. గది నిండా ఏడుపులున్నాయి, ఆ ఒళ్ళో మాత్రం నిశ్శబ్దం. మందు దించి సూది తీసిన నర్సమ్మ పిల్ల మొహం చూసి తెల్లబోయింది. "ఊపిరి! ఊపిరి తీసుకోవట్లేదు!" అని సిరంజి పళ్ళెంలో పడేసింది.

"తీసుకుంటోంది" అంది కుర్చీలమ్మ. తన గొంతు అంత నెమ్మదిగా ఉండటం తనకే వింతగా తోచింది. "ఒక్క క్షణం ఆగండి. ముందు అత్తకి చెబుతోంది. తర్వాత నాకు చెబుతుంది."

ఉడత అత్తకి చెప్పడం ముగించింది. మెడ వెనక్కి వంచి, తలకిందులుగా అమ్మ మొహం వెతికి పట్టుకుంది. అప్పుడు తీసింది గొంతు. బారులో పిల్లలంతా తమ తమ ఏడుపులు ఆపి చూశారు. గుమ్మంలో వడ్రంగి ఉలిక్కిపడ్డాడు. నర్సమ్మ చేతిలో దూది పట్టుకుని, పెట్టడం మర్చిపోయి, తల్లినీ పిల్లనీ మేనత్తనీ మార్చి మార్చి చూసింది. ఉడత అత్తవైపు తిరిగింది, గొంతు ఆగింది. అమ్మవైపు తిరిగింది, గొంతు వచ్చింది. ఒక్కటే నొప్పి, ఎవరి వంతు వాళ్ళకి పంచి ఇస్తోంది.

"ఇదేంటమ్మా ఇది!" అంది నర్సమ్మ, గుడిలో మాట్లాడినంత చిన్నగా.

వదిన పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. కేక వచ్చినప్పుడల్లా ఆ అదురు చేతిలోకి పాకుతోంది. అరచేతినీ, పిల్ల నోటినీ, మరదల్నీ చూసింది. బారులో అందరూ తననే చూస్తున్నారని మర్చిపోయిందో, గుర్తుండే అడిగిందో, ఆ పలక లాంటి గొంతుతో గది మొత్తానికీ వినబడేలా అడిగింది.

"ఎంత గట్టిగా ఏడుస్తోంది?"

ఎవరూ నవ్వలేదు.

కుర్చీలమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ ఆ వినబడని చెవులకి కేకలేసి చెబుతూ వచ్చింది. ఇప్పుడు కేక వెయ్యలేదు. గొంతే తియ్యలేదు. కనుబొమ్మలు ఎత్తి, గడ్డం ముందుకి చాచి, పెదాలు విప్పి, కూతురు నేర్పినట్టు మొహంతో చెప్పింది. ఏం చెప్పిందో గదిలో ఒక్కరికీ వినబడలేదు.

వదిన తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది.